నువ్వుల ముద్దల్లో కలిపిన పొడి

నాకు మెత్తగా చెప్పడం రాదు. అందుకని ముందే చెప్పేస్తున్నాను. ఆసియా దేశాల ఆడపిల్లల వాటర్ పోలో పోటీల్లో మన దేశం తరఫున గోల్ ముందు నిలబడాల్సిన పిల్ల నా మనవరాలు. నిలబడలేదు. కారణం నేను. ఎవరి దిష్టీ తగల్లేదు, ఎవరూ చేతబడి చేయలేదు. ఇంట్లో, నా పొయ్యి మీద, నా చేతులతో నేను చేశాను.

అమీర్‌పేటలో ఒక స్విమ్మింగ్ పూల్‌లో ఆడవాళ్ళ గది చూసుకోవడం నా పని. బట్టలు పెట్టుకునే అరల తాళాలు ఇవ్వడం, తడి నేల తుడవడం, తలకు నూనె పెట్టుకుని వచ్చినవాళ్ళను కడుక్కుని రమ్మని వెనక్కి పంపడం. శ్రీనగర్ కాలనీ నుంచి కార్లలో వచ్చే మేడమ్‌లకు నేనంటే కొంచెం భయం. "ఏం మేడమ్, నీళ్ళల్ల దిగుతున్నరా, పెండ్లికి పోతున్నరా? గా పౌడరు కడుక్కోని రాండ్రి" అని మొహం మీదే అనేస్తాను. వాళ్ళు నవ్వుతారు. మేనేజరు మాత్రం ఏడాదికోసారి పిలిచి, జర మెల్లగా మాట్లాడమంటాడు. సరే అంటాను. మళ్ళీ మామూలే.

యాభై ఆరేళ్ళ దాకా నాకు అక్షరం రాదు. వేలిముద్రే. ఆ ఏడు మేనేజరు మారాడు. ఎవరు వచ్చారో ఎవరు పోయారో ఆడవాళ్ళ పేర్లు పుస్తకంలో రాయాలన్నాడు కొత్తాయన. రాదంటే పని పోతుందని "రాస్త సార్" అన్నాను. నాలుగు రోజులు వచ్చినవాళ్ళ చేతే రాయించాను. ఐదో రోజు, రెండో తరగతి చదివే మనవరాలి ముందు కూర్చున్నాను. అది స్కేలు పట్టుకుని చదువు చెప్పింది. 'ఱ' ఎందుకో, 'ర' ఉండగా ఇంకోటి ఎందుకో అని అడిగితే, "అడగద్దు, రాయాలె" అని చేతి మీద ఒకటి వేసింది. ఆర్నెల్లలో చదవడం వచ్చింది. ఇక అదో పిచ్చి పట్టింది నాకు. బల్కంపేటలో మా ఇంటి నుంచి పూల్ దాకా ఎన్ని బోర్డులుంటే అన్నీ చదివేదాన్ని. కంప్యూటర్ కోచింగులు, లేడీస్ హాస్టళ్ళు, ఏసీ, నాన్ ఏసీ, మూడు పూటలా భోజనం. పంజాగుట్టలో నా బిడ్డ పనిచేసే చీరల దుకాణానికి పోవాలంటే ఒక్క స్టేషనే, మెట్రో వచ్చాక కూడా అది ఎక్కకుండా దాని కింద నడుచుకుంటూ, చదువుకుంటూ పోయేదాన్ని. కాగితం మీద ఏదన్నా రాసి ఉంటే చదవకుండా పారేయడం ఇప్పటికీ నా వల్ల కాదు.

అల్లుడు లారీ కింద పడి పోయాక బిడ్డా మనవరాలూ నా దగ్గరికే వచ్చారు. బిడ్డ దుకాణానికి పోయేది, పిల్ల బడి నుంచి నేరుగా పూల్‌కి వచ్చేది. ఆడవాళ్ళ గదిలో బల్ల మీద హోంవర్క్ చేసుకుని నీళ్ళలో దిగేది. చేతులు పొడుగు. పదకొండేళ్ళప్పుడు కోచ్ ఆ చేతులు చూసి గోల్‌లో నిలబెట్టాడు.

ఈ ఆట తెలియనివాళ్ళకు చెప్తాను, నాకు తెలిసిన మటుకు. ఏడుగురు ఇటు, ఏడుగురు అటు. లోతు నీళ్ళు. కాలు నేలకు ఆనకూడదు, గట్టు పట్టుకోకూడదు. బంతిని ఒంటి చేత్తోనే పట్టాలి, ఒంటి చేత్తోనే విసరాలి. రెండు చేతులూ వాడే హక్కు గోల్ ముందున్న పిల్ల ఒక్కదానికే. దాని టోపీ ఎర్రగా ఉంటుంది. అది కింద కాళ్ళను గుడ్డు గిలక్కొట్టినట్టు తిప్పుతూనే ఉండాలి, తిప్పి తిప్పి బంతి వచ్చేసరికి నడుము దాకా నీళ్ళలోంచి పైకి లేవాలి. పైనుంచి చూస్తే పిల్ల ఊరికే నిలబడ్డట్టుంటుంది. కింద దాని పాట్లు దానివి. ఆటకు ముందు రెఫరీ అందరి గోళ్ళూ చూస్తాడు, నీళ్ళలో రక్కకుండా. నా మనవరాలి గోళ్ళు తీసే పని నాది. పదేళ్ళు తీశాను.

ఇరవై ఒకటో ఏట దానికి కుడి భుజం పట్టేసింది. మన రాష్ట్రం జట్టుతో జాతీయ పోటీలకు పోవడానికి మూడు వారాలుంది. అక్కడ బాగా ఆడిన పిల్లల్లోంచే ఇండియా జట్టును ఏరుతారు, ఆ జట్టే సింగపూర్‌లో జరిగే ఆసియా పోటీలకు పోతుంది. చిన్నప్పటినుంచీ అది కోరుకున్నది ఆ ఒక్కటే. పంజాగుట్టలో పెద్ద డాక్టరు చూసి ఆరు వారాలు చెయ్యి లేపొద్దన్నాడు. ఇది నవ్వింది. ఇంటికొచ్చి భుజానికి ఐసు పెట్టుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేవడం లేదు. జడ నేనే వేశాను.

మాత్రలు మింగదు. జలుబు చేసినా, జ్వరం వచ్చినా ముందు గోళీ ఫోటో తీసి కోచ్‌కు పంపాలి, ఆయన సరేనంటేనే నోట్లో వేసుకోవాలి. "ఆటగాళ్ళకు కొన్ని మందులు నిషేధం అమ్మమ్మా. తెల్వక తిన్నా సరే, తిన్నట్టే లెక్క" అని చెప్పేది. ఎన్నిసార్లు చెప్పిందో. నేను వినలేదని కాదు. విన్నాను. అవి ఇంగ్లీషు మందుల గురించి అనుకున్నాను.

బల్కంపేటలో ఒక సందులో ఆదివారాలు ఒకాయన కూర్చునేవాడు. విరిగినవి, బెణికినవి కడతాడు, పొడి ఇస్తాడు. నా మోకాళ్ళ నొప్పికి ఆయన ఇచ్చిన పొడి వారం తిన్నాను, మెట్లు దబదబా ఎక్కాను. అందుకని పోయాను.

"పిల్లది భుజం. ఆట ఉన్నది, జల్ది తగ్గాలె" అన్నాను.

"పిల్లకు తెల్సా నువ్వు వచ్చినట్టు?"

"తెల్వదు. తెలిస్తే తినదు."

"తెల్వకపోవుడే మంచిది. గీ మందు తినేటోళ్ళకు చెప్పి పెడితే పన్జెయ్యదు. తీపిల కలిపి పెట్టు. నోరు తెరవకు. ఎవ్వలికి జెప్పినా మందు చెడుతది."

ఇది నాకు కొత్త మాట కాదు. మా అమ్మ పసరు తెచ్చినా అంతే, ఏ ఆకో చెప్పేది కాదు. ఇచ్చినవాడికి దండం పెట్టకూడదు, తిన్నవాడు ఏమిటని అడగకూడదు. అలాగే పెరిగాను. ఆయన మూడు పొట్లాలిచ్చాడు. ఇంటికొచ్చి పొట్లం కట్టిన పేపరు ముక్క మొత్తం చదివాను. ఎక్కడో అపార్ట్‌మెంట్లు అమ్ముతున్నారట, ఈత కొలను కూడా ఉందట. లోపలున్న తెల్లటి పొడి గురించి దాని మీద ఒక్క అక్షరం లేదు. అన్నీ చదివేదాన్ని, ఏమీ రాసిలేని పొడిని నమ్మాను.

రెండు పొట్లాలు నువ్వుల ముద్దల్లో కలిపాను. చేదు తెలియకుండా బెల్లం ఎక్కువ వేశాను. రోజుకు రెండు తినమని డబ్బాలో పెట్టి ఇచ్చాను. మనవరాలు అనుమానపడలేదు. చిన్నప్పటినుంచీ ఏ ఊరు పోయినా నా ముద్దలు దాని సంచిలో ఉంటాయి. నా చేతి తిండిని ఫోటో తీసి కోచ్‌కు పంపాలని దానికెందుకు తోస్తుంది?

నాలుగో రోజుకే చెయ్యి లేచింది. తర్వాత పోటీల ఊరు నుంచి ఫోన్ చేసింది, గొంతులో నవ్వు ఆగడం లేదు.

"అమ్మమ్మా, నొప్పే లేదే! బంతి ఎక్కడ ఏసినా నా చెయ్యి ఆడనే ఉంటున్నది."

"మంచిగ తింటున్నవా?"

"ముద్దలు ఐపోవస్తున్నయ్. కలకత్తా పిల్ల సుత అడిగింది, ఒక్కటి సుత ఇయ్యలే."

కలకత్తా పిల్ల అంటే ఇంకో రాష్ట్రం గోల్‌కీపరు. పోయిన ఏడు ఇండియా జట్టు కోసం పెట్టిన ట్రైనింగ్ క్యాంపులో ఇద్దరిదీ ఒకే గది. అక్కడ ఇది ఎర్రటోపీ ఒకటో నంబరైతే ఆమె పదమూడో నంబరు, అంటే దీనికేమన్నా అయితే దిగే పిల్ల. మంచి స్నేహం. ఈసారి భుజం నొప్పి అని తెలిసి దీని సంచి, నీళ్ళ సీసా కూడా ఆమే మోసిందట.

చివరి ఆట అయ్యాక ఆటగాళ్ళ మూత్రం పరీక్షకు తీసుకున్నారు. "ఒకామె పక్కనే నిలవడి చూసిందే, సిగ్గుతోని గంట పట్టింది" అని నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. పది రోజుల తర్వాత ఇండియా జట్టులో దాని పేరు వచ్చింది. ఆడవాళ్ళ గదిలో అందరికీ జిలేబీ పంచాను. నా మందు, నా మందు అని లోపల ఒకటే గెంతులు. ఎవరికీ చెప్పకూడదు కదా, అదొక్కటే బాధ.

ఆ పరీక్ష ఉత్తరం వచ్చిన రోజు అది క్యాంపు నుంచి వీసా కాగితాల కోసం ఇంటికి వచ్చి ఉంది. పొద్దున ఫోన్‌లోనే వచ్చిన ఆ ఉత్తరం చదివి అలాగే నిలబడిపోయింది. అరగంటలో కోచ్ వచ్చాడు. చెప్పులు కూడా విడవలేదు ఆయన.

"ఏం తిన్నవు? నిజం జెప్పు తల్లీ, నేనేమనను. మూత్రంల స్టెరాయిడ్ వచ్చింది. ఏదన్న ఇంజక్షనా? నొప్పి గోళీనా?"

"ఏం దిన్లే సార్. ఒట్టు. అమ్మమ్మ మీద ఒట్టు."

నేను వంటింట్లో ఉన్నాను. నా మీద ఒట్టు అనడం చెవులారా విన్నాను. పప్పుల డబ్బా వెనక మూడో పొట్లం ఉంది. తీసి పొయ్యి మీద పెట్టాను. కాగితం అంటుకుంది, పొడి చిటపటలాడింది, ఒక ఘాటు వాసన. బూడిద నీళ్ళు పోసి కడిగేశాను. నేను ఆలోచించి చేసింది కాదు అది. దొంగ చెయ్యి ఆలోచించదు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు నోరు విప్పలేదు.

మందు చెడుతుందని కాదు. మందు పని ఎప్పుడో అయిపోయింది. భయం. అది నన్ను ఎలా చూస్తుందో అన్న భయం, అంతే. ఎవరైనా చదివేవాళ్ళుంటే, ముసలిదానికి తెలియక జరిగిందని అనుకోవద్దు. పొడి పెట్టింది తెలియక. నోరు మూసుకున్నది తెలిసి.

అది నోటు పుస్తకం పెట్టుకుని కూర్చుంది. పోటీల్లో ఏ రోజు ఏం తిన్నది, ఏం తాగింది, ఎవరిచ్చారు, అన్నీ రాస్తోంది. ఎక్కడినుంచి వచ్చిందో చూపించగలిగితే శిక్ష తగ్గుతుంది, ఒక్కోసారి ఆటకు కూడా పోనిస్తారు అని కోచ్ చెప్పాడట. మూడో రోజు నా దగ్గరికి వచ్చింది.

"అమ్మమ్మా, ముద్దలల్ల ఏమేం ఏసినవ్?"

"నువ్వులు, బెల్లం, ఇంత ఇలాచి."

"గంతేనా?"

"గంతేగా. ఇంకేముంటది?"

అది రాసుకుంది. నువ్వులు, బెల్లం, ఇలాచి. నా కళ్ళ ముందే రాసింది. నాకు చదవడం వచ్చు కదా, చదివాను.

ఏడో రోజు పుస్తకంలో మిగిలింది ఒక్కటే, నీళ్ళ సీసా. ఆ సీసా ఎవరి చేతిలో ఉంది? కలకత్తా పిల్ల చేతిలో. తను తప్పుకుంటే ఎర్రటోపీ ఎవరికి వస్తుంది? ఆమెకే. ఇక ఆగలేదు. ఫోన్ చేసింది. హిందీలో అరిచింది. హైదరాబాదులో పుట్టినదాన్ని, నాకు ప్రతి మాటా తెలుసు. "నువ్వే కలిపినవ్. నా జాగా కోసం కలిపినవ్. నా సంచి మోసింది ఇందుకేనా?" అంది. అవతల ఆ పిల్ల ఏడుపు గది దాటి వంటింట్లోకి వినబడింది. నేను చేతిలో గరిటె పట్టుకుని నిలబడ్డాను. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. గరిటె కడిగి పెట్టాను.

తొమ్మిదో రోజు నా బిడ్డ దుకాణం నుంచి వచ్చింది. రోజంతా నిలబడి చీరలు విప్పి మడిచి కాళ్ళు వాచి ఉన్నాయి. అక్కడ ఎవరో ఏదో అన్నారట. వచ్చీ రాగానే కూతురి జబ్బ పట్టుకుంది.

"నిజం జెప్పే. ఎవడిచ్చిండు? ఏం తీసుకున్నవ్?"

"మమ్మీ, నువ్వు సుత గట్లనే అంటవా?"

"ఊరంత అంటున్నది. దుకాణంల మొహం ఎత్తలేకపోతున్న. చెప్తవా, చెప్పవా?" అని చెయ్యెత్తింది. ఇరవై ఒక్క ఏళ్ళలో ఆ పిల్లను కొట్టింది లేదు.

"దాన్ని కొట్టకు. నేనిచ్చిన" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. నాలుగు ముక్కల్లో చెప్పేశాను. సందులో ఆయన, మూడు పొట్లాలు, నువ్వుల ముద్దలు. నా బిడ్డ అక్కడే కింద కూర్చుండిపోయింది. మనవరాలు మాత్రం తిట్టలేదు, ఏడవలేదు. దాని మొహంలోకి తొమ్మిది రోజుల తర్వాత రక్తం వచ్చింది. దగ్గరికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"మూడు పొట్లాలన్నవ్ గద. రెండే కలిపినవ్. ఇంకోటేది? అది ఇస్తే పరీక్ష జేస్తరు. ముద్దలల్ల నుంచే వచ్చిందని తెలుస్తది. నేను పోవచ్చే అమ్మమ్మా! ఏడున్నది?"

"కాలబెట్టిన."

"ఎప్పుడు?"

"ఉత్తరం వచ్చిన్నాడే."

నా చేతులు వదిలేసింది. మెల్లగానే వదిలింది, పట్టుకున్న గ్లాసు కింద పెట్టినట్టు.

మరునాడు ఆదివారం. సందుకు పోయాను. ఆయన ఉన్నాడు.

"గా భుజం మందు ఇంకో పొట్లం గావాలె" అన్నాను.

ఎగాదిగా చూశాడు. ఎవరో ముందే చెప్పి ఉంటారు. "ఏం మందు? నేను నూనె తోముత, కట్టు గడత. పొడి గిడి నాకు తెల్వదు."

"తెల్లపొడి. మూడు పొట్లాలిచ్చినవ్. పిల్లకు చెప్పొద్దన్నవ్."

"అవ్వా, నీకు మతిమరుపు వచ్చినట్టున్నది. వేరేటోళ్ళ దగ్గర తీసుకున్నవేమో."

"నా మోకాళ్ళకు సుత నువ్వే ఇచ్చినవ్ గదరా!"

"మోకాళ్ళు మంచిగనే ఉన్నయ్ గదా, నడువు మరి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన సంచి లాగబోయాను. ఇద్దరు వచ్చి నన్ను పక్కకు నెట్టారు. తర్వాతి ఆదివారం ఆయన అక్కడ లేడు. ఆ తర్వాత ఎప్పుడూ లేడు.

నేను సాక్ష్యం రాసిస్తే, మందుల సంగతి విచారించేవాళ్ళకు పంపిస్తానన్నాడు కోచ్. పుస్తకంలో ఆడవాళ్ళ పేర్లు తప్ప అంతవరకు నేను ఏమీ రాయలేదు. ఇదే మొదటిది. ఎవరికీ ఉత్తరం రాయలేదు, పండుగకు శుభాకాంక్షలు కూడా రాయలేదు. మూడు పేజీలైంది. ఒక్కో మాటకూ గీతలు కొట్టి మళ్ళీ రాశాను. మనవరాలు పక్కన కూర్చుని దాన్ని ఇంగ్లీషులోకి దింపింది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది.

"తొమ్మిది దినాలు చెప్పలేదని రాసినవ్. ఇది సుత పెట్టాల్నా?"

"పెట్టు."

"కాలబెట్టింది?"

"అది సుత."

"నిన్ను అబద్ధాలదని అంటరు, అమ్మమ్మా."

"అబద్ధమాడిన గద."

అది మళ్ళీ రాయడం మొదలుపెట్టింది.

విచారణ ఫోన్‌లోనే జరిగింది. తెర మీద ముగ్గురు. అందులో ఒక పెద్దావిడ నాతో హిందీలో మర్యాదగానే మాట్లాడింది. పొడి ఉందా అని అడిగింది. లేదన్నాను. ఇచ్చినవాడు ఒప్పుకుంటాడా అని అడిగింది. ఒప్పుకోడన్నాను. మిగిలిన ముద్ద ఒక్కటైనా ఉందా? తినేసింది, ఒక్కటి కూడా ఎవరికీ ఇవ్వలేదు. ఆ కలకత్తా పిల్లకు ఒకటి ఇచ్చి ఉన్నా ఆమె ఒంట్లో కూడా దొరికేదేమో, అదైనా సాక్ష్యం అయ్యేదేమో అని ఒక్క క్షణం అనుకున్నాను. వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ పెద్దావిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మీ మాట నమ్మాలని ఉంది కానీ మా చేతిలో కాగితం తప్ప ఏమీ లేదమ్మా అంది. రెండేళ్ళు నిషేధం. పోటీల మాట పోనీ, జట్టుతో కలిసి ప్రాక్టీసు కూడా చేయకూడదు.

మర్నాడు పొద్దున నేను పూల్‌కి పోతుంటే అది తలుపు దగ్గర నిలబడి చూసింది. పదేళ్ళుగా ఇద్దరం కలిసే పోయేవాళ్ళం. ఆడవాళ్ళ గదిలో జట్టు పిల్లలు బట్టలు మార్చుకుంటూ మాట్లాడుకుంటున్నారు. నన్ను చూడగానే ఆపేశారు. నేను తాళాలు ఇచ్చాను. నూనె పెట్టుకుని వచ్చినావిడను కూడా ఏమీ అనలేదు ఆ రోజు.

పోటీలు మొదలైన రోజు సోమవారం, పూల్‌కు సెలవు. బిడ్డ దుకాణానికి పోయింది. సింగపూర్‌లో మధ్యాహ్నం, మనకు పొద్దున. ఫోన్‌లో చూపిస్తారని కోచ్ లింకు పంపాడు. నేను చూడను అని మనవరాలు గోడ వైపు తిరిగి పడుకుంది. నేను ఫోన్‌ను స్టీలు చెంబుకు ఆనించి, సౌండు తగ్గించి కూర్చున్నాను. మన పిల్లలు వరుసగా నిలబడ్డారు. రెఫరీ గోళ్ళు చూస్తున్నాడు. ఎర్రటోపీలో ఆ కలకత్తా పిల్ల. నేను ఫోటోలో తప్ప చూడలేదు ఆమెను. ఇంకా చిన్నది. పొట్టిది కూడా.

అవతల గట్టి జట్టు. ఈల మోగిన నిమిషానికే ఒక గోలు. తర్వాత ఇంకోటి. ఇంకోటి. ఆ పిల్ల ఒకవైపు లేచేసరికి బంతి ఇంకోవైపు పోతోంది. మొదటి పావు ఆట అయ్యేసరికి నా వెనక మంచం కిర్రుమంది.

"ఎడమ దిక్కు జాగా ఇస్తున్నది" అంది మనవరాలు. "క్యాంపుల ఎన్నిసార్లు జెప్పిన."

లేచి మంచం అంచున కూర్చుంది. నేను ఫోన్ అటు తిప్పాను. ఇక దాని నోరు ఆగలేదు. "చెయ్యెత్తు. చెయ్యెత్తే! చూడకు దాని కండ్లు, చెయ్యి చూడు. అబ్బ! ముందుకు రావాలె గద." ఆ పిల్లకు వినబడుతున్నట్టే చెప్తోంది. వంగి చూస్తే మంచం కింద వేలాడుతున్న దాని కాళ్ళు రెండూ తిరుగుతున్నాయి. ఒకటి ఇటు, ఒకటి అటు, గుడ్డు గిలక్కొట్టినట్టు. దానికి తెలియదు తిప్పుతున్నట్టు. నేను ఆ కాళ్ళనే చూస్తూ కూర్చున్నాను. ఆట సగం నేను చూడలేదు.

గోల్స్ ఇరవై దాటాక తెర మీద అంకెలు చూడడం మానేశాను. చివర్లో అవతలివాళ్ళకు పెనాల్టీ వచ్చింది. ఎదురుగా ఒక్కతి, గోల్ ముందు ఈ పిల్ల. అవతలి పిల్ల బంతి విసిరింది. ఈ పిల్ల నడుము దాకా లేచి, ఎడమ చేత్తో కొట్టేసింది.

"శబాష్!" అని మనవరాలు చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత చేతులు అలాగే పట్టుకుని చూసుకుంది.

ఆట అయిపోయింది. ఓడిపోయారు, మామూలుగా కాదు. గంట ఆగి మనవరాలు ఆ కలకత్తా పిల్లకు ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. నిజం తెలిసిన రోజునుంచీ ఎన్నిసార్లు చేసిందో, ఎన్ని మెసేజ్‌లు పెట్టిందో నాకు తెలుసు. ఒక్కదానికీ జవాబు లేదు. రెండేళ్ళ తర్వాత ఇది తిరిగి ఆడినా ఆ పిల్లతో కలిసే ఆడాలి. ఆమె మొహం చూడలేకపోతే ఏ నీళ్ళలో దిగుతుంది?

అది స్నానానికి పోయాక నా ఫోన్ నుంచి నేను చేశాను. కొత్త నంబరు కదా, ఎత్తింది.

"బేటీ, మై ఉస్కీ నానీ బోల్‌రీ హూఁ, హైదరాబాద్ సే" అన్నాను. దాని అమ్మమ్మనని తెలిసినా పెట్టేయలేదు. అంతా చెప్పాను. పొడి, పొట్లం, తొమ్మిది రోజులు. నువ్వు ఏడుస్తుంటే నేను వంటింట్లో వింటూ నిలబడ్డాను అని కూడా చెప్పాను. తప్పు నాది, దానిది కాదు, దాన్ని మన్నించు అన్నాను. వెనక పిల్లల గోల, ఎవరో ఏదో అరుస్తున్నారు. ఆ గోల నుంచి పక్కకు వచ్చి ఆ పిల్ల మాట్లాడింది. గొంతు బొంగురుపోయి ఉంది.

కోపం లేదు నానీ అంది. కోచ్ సార్ ముందే అంతా చెప్పాడట. మీరు పెద్దవాళ్ళు, తెలియక చేశారు. కానీ ఆమె నన్ను అడగలేదు. అడిగి ఉంటే ఒట్టేసి చెప్పేదాన్ని. నువ్వే కలిపావు అంది. ఇవాళ ఈ టోపీ పెట్టుకుంటుంటే కూడా నా చెవిలో అదే మాట. జట్టులో ఉన్న పిల్లలు కొందరు నన్ను ఇంకా అలాగే చూస్తున్నారు. ఆమె మళ్ళీ ఆడాలి, బాగా ఆడాలి. నాకు మాత్రం ఫోన్ చేయొద్దని చెప్పండి.

"అచ్ఛా బేటీ" అన్నాను.

ఫోన్ పెట్టి తిరిగేసరికి మనవరాలు తడి తలతో గుమ్మంలో ఉంది. ఎప్పుడు వచ్చిందో.

"ఎవలతోని మాట్లాడుతున్నవ్? గామెనేనా? ఏమన్నది?"

ఏదో ఒకటి చెప్పవచ్చు. మంచిగానే మాట్లాడింది, నాలుగు రోజులు ఆగి చేస్తానంది అనవచ్చు. మాట నోటి దాకా వచ్చింది కూడా. మింగేశాను.

"కోపం లేదన్నది. నువ్వు మంచిగ ఆడాలన్నది. మళ్ళ ఫోన్ మాత్రం చెయ్యొద్దన్నది."

అది తువ్వాలుతో తల తుడుచుకుంటూ ఉండిపోయింది. తల ఎప్పుడో ఆరిపోయింది. అయినా తుడుస్తూనే ఉంది.

"ఆమె అన్నదాంట్ల తప్పేమున్నది" అంది చివరికి. తువ్వాలు తీగ మీద వేసి వచ్చి మంచం మీద కూర్చుంది. "గీ మాట సుత తొమ్మిది దినాలు దాస్తవనుకున్న."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.